మన పిల్ల పెద్ద పందెంలో దిగితే

(రేడియో ప్రసంగ పాఠం)



మొన్న ఆదివారం మా చెల్లెలి కొడుకు కశింకోట వచ్చి, తన ఫోనులో ఒక సైకిలు పందెం చూపించాడు. దాన్ని సైక్లోక్రాస్ అంటారట. యూరపు దేశాల్లో చలికాలం వస్తే ఇదే సందడి. బురదలోనూ, గడ్డిలోనూ తొక్కాలి. నడుమ అడ్డంగా నలభై సెంటీమీటర్ల ఎత్తు వరకూ చెక్కలు నిలబెడతారు. అక్కడికి రాగానే ఆడపిల్లలు గభాలున దిగి, సైకిలు ఎత్తి పట్టుకొని దాటి, మళ్లీ ఎక్కి తొక్కుతున్నారు. మా అత్తగారు చూసి, "ఇందులో వింతేముందే? వానాకాలంలో మన పాలబ్బాయి చెరుకుతోట గట్టుమీద రోజూ చేసేది ఇదే కదా!" అన్నారు. అందరం నవ్వుకున్నాం.

కాని ఆ తర్వాత అబ్బాయి చెప్పిన సంగతి విని నాకు నవ్వు రాలేదు. ఈ ఆటలో మగవాళ్లకు ప్రపంచ పోటీలు 1950లోనే మొదలైతే, ఆడవాళ్లకు 2000లో గాని రాలేదట. వచ్చాక కూడా చాలా ఏళ్లు ఆడవాళ్లందరికీ కలిపి ఒకటే పందెం. ఇరవైమూడేళ్లలోపు అమ్మాయిలకు వేరే పందెం 2016లో పెట్టారు, అంతకన్నా చిన్నవాళ్లకు 2020లో. అంతవరకూ ఒక పడుచుపిల్ల ప్రపంచ పోటీకి వెళితే, పదేళ్ల అనుభవమున్న మేటి ఆటగత్తెల పక్కనే నిలబడవలసిందే. ఆఖరున వచ్చి, ఏడ్చి, ఇంటికిపోయిన పిల్లలెందరో ఎవరు లెక్క రాశారు?

ఆ మాట నా గుండెల్లో ఎందుకు గుచ్చుకుందో చెబుతాను. మా పెద్దమ్మాయి బడిలో ఉండగా హర్డిల్స్ పరుగెత్తేది. జిల్లాలో మొదటిది వచ్చింది. వీధంతా బెల్లం పంచాను. మరుసటి ఏడు వయసు పెరిగి పై తరగతిలోకి మారింది. రాష్ట్రపు పోటీకి వెళ్లి, రెండు హర్డిళ్లు తన్నుకొని, ఆఖరిది వచ్చింది. "నీవల్ల కాదులే తల్లీ, చదువు చూసుకో" అన్నాను నేను. ఓదార్పనే అనుకున్నాను సుమండీ. డ్రిల్లు మేష్టారు ఇంటికి వచ్చి, "అమ్మా, ఒక్క ఏడాది ఓపిక పట్టండి. పై తరగతిలో హర్డిలు ఎత్తు వేరు" అన్నారు. నేను కాఫీ ఇచ్చి పంపేశాను. బూట్లు అటకెక్కాయి.

ఆయన చెప్పిన ఎత్తు సంగతి నాకు ఆలస్యంగా అర్థమైంది. పద్దెనిమిదేళ్లలోపు అమ్మాయిలకు హర్డిలు ఎత్తు 76.2 సెంటీమీటర్లు. ఆ పైన 83.8. తేడా మూడంగుళాలే. కాని 83.8 అంటే ఇంచుమించు మన వంటింటి గట్టంత. అలాంటివి పది, ఎనిమిదిన్నర మీటర్లకొకటి చొప్పున, నడుమ మూడే అంగలు వేసి దాటాలి. అలవాటైన అంగ చెడిపోతుంది, కాలు కొత్తగా నేర్చుకోవాలి. అందుకు కాలం పడుతుంది. నేను ఆ కాలం ఇవ్వలేదు.

మనకు నలభై కిలోమీటర్ల దూరంలోనే ఉన్న విశాఖపట్నంలో ఇంకొక తల్లి ఇచ్చింది. ఆమె కూతురే ఎర్రాజీ జ్యోతి. తండ్రి సూర్యనారాయణగారు సెక్యూరిటీ గార్డు. తల్లి కుమారిగారు ఇళ్లలోనూ, ఆసుపత్రిలోనూ పనిచేశారు. పోర్టు హైస్కూలులో మొదలైన పరుగు హైదరాబాదులో నాగపురి రమేష్‌గారి దగ్గరకూ, తర్వాత భువనేశ్వర్‌లో జేమ్స్ హిలియర్ అనే దొర దగ్గరకూ చేరింది.

పైకి వెళ్లేకొద్దీ ఆ పిల్లకు ఎదురైనవి వినండి. 2020లో విశ్వవిద్యాలయాల పోటీలో జాతీయ రికార్డుకన్నా వేగంగా పరుగెత్తింది. మందుల పరీక్ష జరగలేదని లెక్కలోకి తీసుకోలేదు. 2022 ఏప్రిల్లో కోజికోడ్‌లో 13.09 సెకండ్లు. వెనుకగాలి సెకనుకు రెండు మీటర్లు దాటకూడదని నియమం, ఆ రోజు 2.1 ఉంది. అదీ పోయింది. పిల్ల ఆగలేదు. మన అనకాపల్లి జిల్లా ఏర్పడిన మరుసటి నెలలో, 2022 మే 10న, సైప్రస్ దేశంలో 13.23లో పరుగెత్తి, అనూరాధా బిశ్వాల్ పేర 2002 నుంచి ఉన్న 13.38 రికార్డు దాటింది. ఈసారి లెక్కకు వచ్చింది. 2023లో బ్యాంకాక్‌లో ఆసియా బంగారు పతకం, ఆ ఏడే చైనాలో 12.78.

ఇక పారిస్ ఒలింపిక్స్‌కు నేరుగా వెళ్లడానికి కావలసింది 12.77. ఆమెది 12.78! సెకనులో నూరోవంతు. చివరకు ర్యాంకుల మీద చోటు దొరికింది. ఒలింపిక్స్‌లో ఈ పందెం పరుగెత్తిన మొదటి భారతీయురాలు ఆమే. 2024లో అక్కడ తొలి పరుగులో ఏడవది వచ్చింది, రెండో అవకాశంలోనూ ముందుకు పోలేదు. మన వీధిలో అయితే, "చాల్లే, ఇంటికి రా" అని ఉండేవాళ్లం. ఆమె 2025లో మళ్లీ ఆసియా పోటీలకు వెళ్లి, 12.96లో పరుగెత్తి బంగారం నిలబెట్టుకుంది.

ఏడవ స్థానం వెనకడుగు కాదు, గది మారిందంతే. చిన్న గదిలో మొదటిది, పెద్ద గదిలో ఏడవది. పిల్ల అదే పిల్ల.

అందుకని తల్లులకు నా మనవి ఒక్కటే. మీ అమ్మాయి పై పోటీకి వెళ్లి వచ్చినప్పుడు, "ఎన్నోదానివి?" అని అడగకండి. "నిరుటికన్నా ఎంత తగ్గించావు?" అని అడగండి. పాల లెక్క రాసే పుస్తకంలోనే చివర ఒక పేజీ వదిలి, తేదీ, హర్డిలు ఎత్తు, పట్టిన సమయం రాసుకోండి. ఎత్తు మారిన ఏడాది సమయం పెరుగుతుంది, కంగారుపడకండి. రెండో ఏడు కూడా రాశాక అప్పుడు మేష్టారితో కూర్చొని మాట్లాడండి. తీర్పు ఆ తర్వాత చెప్పవచ్చు.

మొన్న పండగకు అటక దులుపుతుంటే ఆ బూట్లు కనబడ్డాయి. ఇప్పుడు డిగ్రీ పూర్తిచేసిన మా అమ్మాయి వాటిని చేతిలోకి తీసుకొని, "అప్పుడు నన్ను ఇంకొక్క ఏడు ఉండనిచ్చి ఉంటే బాగుండేదమ్మా" అంది. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది. బూట్లు తుడిచి, మా వీధి చివర ఇంట్లో తొమ్మిదో తరగతి చదివే పిల్లకు ఇచ్చి వచ్చింది. ఆ పిల్ల తల్లితో మాట్లాడే పని నాది. రేపు సాయంత్రం వెళుతున్నాను.

సెలవు.