గోస్తని వెంట రెండు ఆదివారాలు



విశాఖపట్నంలో కాపురముంటున్న మనకు సముద్రం కొత్త కాదు. చుట్టాలొస్తే ఆర్కే బీచి, కైలాసగిరి మనమే తిప్పి చూపిస్తాం. కాని ఊరు దాటి, పొలాలూ కొండలూ చూసుకుంటూ తీరిగ్గా ప్రయాణం చేసినవాళ్లం ఎంతమందిమి? వెళ్లినా, తెల్లవారుజామున మూడింటికే లేచి పులిహోర కలిపి, కారెక్కగానే కునుకు తీసేవాళ్లమే ఎక్కువ. మెలకువ వచ్చేసరికి ఘాట్ రోడ్డు కాస్తా అయిపోతుంది!

అందుకే ఈవేళ మీకో దారి చెబుతాను. మన బిందెలోని నీళ్లకూ, ఆ దారికీ చుట్టరికం ఉంది. అది గోస్తనీ నది దారి.

మొదటి ఆదివారం కొండలకు వెళ్దాం. పెందుర్తి, కొత్తవలస, శృంగవరపుకోట మీదుగా అరకు రోడ్డు పట్టుకోవాలి. కోట దాటాక రోడ్డు మెలికలు తిరుగుతూ తూర్పు కనుమలు ఎక్కుతుంది. అనంతగిరి దగ్గర సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ తోటలు, ఆ చెట్లనే అల్లుకుని మిరియాల తీగలు కనిపిస్తాయి. అరకు లోయ కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కార్తీక మాసంలో వెళ్తే వలిసె పూలు చేలనిండా పసుపు ఆరబోసినట్టుంటాయి. రోడ్డు పక్కన గిరిజన స్త్రీలు సీతాఫలాలు అమ్ముతుంటారు. తలమీద బుట్టతో కొండ దిగి వచ్చినవాళ్లు. వాళ్లతో గీసి గీసి బేరమాడకండి.

గోస్తని పుట్టింది ఈ కొండల్లోనే. బొర్రా గుహల గుండా ప్రవహిస్తుంది. ఆవు పొదుగులా ఉన్న రాతినుంచి నీరు కారుతుందనీ, అందుకే ఆ పేరు వచ్చిందనీ అక్కడివాళ్లు చెబుతారు. గీజర్లో తెల్లగా సున్నం పేరుకోవడం మీకు తెలుసుగా? గుహలోనూ జరిగింది అలాంటిదే. నీరు సున్నపురాయిని కరిగించి, బొట్టుబొట్టుగా జారుతూ ఆ సున్నాన్నే మళ్లీ పేర్చింది. పైనుంచి ఊడల్లా వేలాడేవీ, కిందనుంచి స్తంభాల్లా లేచేవీ అలా ఏర్పడ్డవే. దానికి వేలవేల ఏళ్లు పట్టింది. పిల్లల్ని వాటిమీద చేతులు వెయ్యనివ్వకండి.

తిరుగుప్రయాణంలో వీలుంటే శృంగవరపుకోట నుంచి విజయనగరం వైపు మళ్లి తాటిపూడి జలాశయం చూడండి. 1960లలో గోస్తనిమీద కట్టారు. మన నగరానికి మంచినీళ్లిచ్చే జలాశయాల్లో ఇదొకటి. ఇప్పుడు చెప్పండి, కొండమీద వాగులో మనం విసిరిన ప్లాస్టిక్ కవరు, ఎంగిలి విస్తరి ఎవరి నీళ్లలోకి వస్తాయి?

రెండో ఆదివారం భీమిలి. సముద్రం పక్కనే రోడ్డు. తొట్లకొండమీద బౌద్ధ భిక్షువుల విహారాల పునాదులు, అక్కడినుంచి కిందికి చూస్తే నీలిసముద్రం. ఇంకాస్త ముందుకు వెళ్తే ఎర్రమట్టి దిబ్బలు. వానకు కోసుకుపోయే మెత్తటి మట్టి అది, పిల్లల్ని ఎక్కి జారనివ్వకండి. భీమిలిలో పాత డచ్చివారి సమాధులున్నాయి. ఆ ఊళ్లోనే మన గోస్తని సముద్రంలో కలుస్తుంది. ఓపికుంటే పద్మనాభం దాకా వెళ్లండి. 1794లో విజయనగరం రాజు చిన విజయరామరాజు కుంఫిణీ సైన్యంతో పోరాడి నేలకొరిగిన చోటు అది.

చివరగా ఒక్క మాట. ఘాట్ రోడ్డులో కడుపు తిప్పేవాళ్లుంటే బయల్దేరేముందు తేలిగ్గా తినిపించి, నిమ్మకాయ దగ్గరుంచుకోండి. కోతులకు తిండి పెట్టకండి. అన్నిటికన్నా ముఖ్యం, వంటను పండగ చెయ్యకండి. పెరుగన్నం, ఊరగాయ చాలు. మంచినీళ్లు నింపే పని పిల్లలకు, సామాన్లు సర్దే పని శ్రీవారికి అప్పజెప్పి, ముందురోజు రాత్రి హాయిగా నిద్రపోండి. మర్నాడు కిటికీ పక్క సీటు మీరు తీసుకోండి. ఇంటిల్లిపాదికీ నీళ్లు పట్టేది మనమే కదా, ఆ నీళ్లు ఏ దారిన వస్తున్నాయో మన కళ్లతో మనం చూసి తీరాలి.

సెలవు.