వైద్య నిర్లక్ష్యం – పేద రోగికి చట్టం ఎంత దూరం?

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడూ ఈ సభలో మమ్మల్ని పిల్లల చదువు గురించి మాట్లాడమంటారు. ఈసారి కూడా చదువు గురించే మాట్లాడతాం. కాకపోతే ఆసుపత్రి కాగితం చదువుకోవడం గురించి. సంఘానికి వచ్చే వైద్య సహాయం దరఖాస్తులు చూసే పని కొన్నేళ్లుగా మా మీద ఉంది. బడిపంతుళ్లం కదా, ఇంగ్లీషు కాగితాలు చదివి చెబుతారులే అని పెద్దలు అప్పగించారు. ఆ పనిలో మేము చేసిన ఒక పొరపాటు ముందు మీకు చెప్పాలి.

పత్తి మార్కెట్టులో హమాలీ పని చేసే ఒక సోదరుడు. పేరు చెప్పం. ఆయన భార్యకు గర్భసంచి తీసేయాలన్నారు. ఆపరేషన్ అయిన మూడో రోజు కడుపు ఉబ్బింది, జ్వరం పట్టుకుంది. గ్యాసు, తగ్గిపోతుంది అన్నారు. ఐదో రోజు, వెంటనే కర్నూలుకు తీసుకుపొమ్మన్నారు. ఆరో రోజు ఫజర్ వేళకు ఆమె పోయింది. జొహర్ తర్వాత జనాజా నమాజు చదివి ఖబరస్తాన్‌కు తీసుకుపోయాం.

మన సంఘం ఆ ఇంటికి మూడుసార్లు డబ్బిచ్చింది. ఆపరేషన్‌కు కొంత, అంబులెన్సుకు కొంత, తర్వాత ఇంటి ఖర్చుకు కొంత. మూడుసార్లూ రసీదు రాసింది మేమే. 'కేస్ షీటు నకలు తెచ్చుకున్నావా?' అని ఒక్కసారి కూడా అడగలేదు.

మూడేళ్లు దాటినాక ఆయన మా ఇంటికి వచ్చాడు. ఈలోపల అప్పు తీర్చడానికి మిరపకాయల సీజనుకు గుంటూరు వైపు పోయి వస్తూ ఉన్నాడు. చిన్న కూతురు పెద్దదయి, అమ్మీకి ఏమైంది అబ్బా అని అడుగుతూ ఉందంట. 'సార్, కేసు వేయాలని కాదు. ఏమైందో ఎవరన్నా చెప్తే చాలు' అన్నాడు. ప్లాస్టిక్ సంచిలో ఉన్నవన్నీ మా ముందు పెట్టినాడు. రెండు మందుల చీటీలు, ఒక స్కానింగ్ ఫిల్మ్, అంబులెన్సు రసీదు. ఆ రసీదు మనం రాసిచ్చిందే.

అందులో డాక్టరు తప్పు ఉందో లేదో ఈనాటికీ మాకు తెలియదు. తెలుసుకునే దారి కూడా మూసుకుపోయింది. అది ఎట్లా మూసుకుపోయిందో చెప్పడానికే ఇక్కడ నిలబడ్డాం.

వైద్యసేవ కూడా వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని 1995 నవంబరులో సుప్రీంకోర్టు వి.పి. శాంతా కేసులో తేల్చింది. 2019లో కొత్త చట్టం వచ్చింది, 2020 జులై 20 నుంచి అమలవుతోంది. కొత్త చట్టంలో వైద్యం అనే మాట విడిగా రాయలేదు కాబట్టి డాక్టర్లకు వర్తించదని కొందరు కోర్టుకు పోయారు. వర్తిస్తుందని 2022లో సుప్రీంకోర్టు స్థాయిలోనే తేలిపోయింది. కాబట్టి తలుపు ఉంది. గడువు మాత్రం రెండేళ్లే. ఆలస్యానికి గట్టి కారణం చూపిస్తే కమిషన్ ఒప్పుకోవచ్చు. అయితే అప్పు తీర్చడానికి సుగ్గికి పోయాను అనే మనిషి దగ్గర దానికి రుజువు ఏముంటుంది? ఇక రెండో సంగతి. డాక్టర్ల ప్రవర్తనా నియమావళి 2002 ప్రకారం, లోపల చేర్చుకున్న రోగి రికార్డులను వైద్యం మొదలైన రోజు నుంచి మూడేళ్లు దాచాలి. ఆ తర్వాత లేవంటే మనం చేయగలిగింది పెద్దగా ఉండదు. మా హమాలీ సోదరుడికి రెండు తలుపులూ అట్లా మూసుకుపోయాయి.

అదే నియమావళిలో ఇంకో మాట ఉంది. దాన్ని మన దాతల్లో చాలామంది విని ఉండరు. రోగి గానీ, రోగి తరఫున అధికారం ఉన్న అటెండరు గానీ అడిగితే, రికార్డుల నకలు 72 గంటల్లోగా ఇవ్వాలి. మనవాళ్లు అడగరు. అడిగితే డాక్టరుకు కోపం వస్తుందనుకుంటారు. మేము కూడా నిన్నమొన్నటి దాకా అట్లనే అనుకున్నాం. అడిగేటప్పుడు నోటితో కాదు, తెల్లకాగితం మీద రాసి, రెండో కాపీ మీద ముద్ర వేయించుకోవాలి. ముద్ర వేయకపోతే రిజిస్టరు పోస్టులో పంపి ఆ రసీదు దాచుకోవాలి.

కాగితం ఎంత పని చేస్తుందో మన తెలుగువాళ్ల కేసు ఒకటి చెబుతాం. కిషన్‌రావు గారని మలేరియా శాఖలోనే ఉద్యోగి. 2002 జులైలో ఆయన భార్యకు చలిజ్వరం వస్తే హైదరాబాదులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చారు. అక్కడ టైఫాయిడ్ అని వైద్యం చేశారు. పరీక్షలో టైఫాయిడ్ లేదని తేలింది, మలేరియా ఉందని తేలింది. పరిస్థితి చేయి దాటినాక ఇంకో ఆసుపత్రికి తరలించారు, ఆమె బతకలేదు. జిల్లా ఫోరం రెండు లక్షల పరిహారం ఇమ్మంది. రాష్ట్ర కమిషన్ కొట్టేసింది. జాతీయ కమిషన్ కూడా ఆయనకు వ్యతిరేకంగానే చెప్పింది. కారణం, తప్పు జరిగిందని చెప్పే నిపుణుడైన డాక్టరు సాక్ష్యం లేదని. చివరికి 2010 మార్చిలో సుప్రీంకోర్టు ఆయన వైపు నిలిచింది. ప్రతి కేసులోనూ నిపుణుడి సాక్ష్యం అక్కరలేదు, చిక్కుముడి కేసుల్లోనే కావాలి, కళ్లకు కనిపించే తప్పును కమిషనే చూసి చెప్పవచ్చు అన్నది. రెండు లక్షల కోసం దాదాపు ఎనిమిదేళ్లు. ఆయన చదువుకున్న ఉద్యోగి, జబ్బు సంగతి తెలిసిన మనిషి. పరీక్షల రిపోర్టులు దగ్గర ఉన్నాయి కాబట్టే నిలబడ్డాడు.

నిపుణుడి సాక్ష్యం అనేది పైకి చిన్న మాటలా ఉంటుంది. ఆదోనిలో ఒక సర్జను చేసిన ఆపరేషన్ తప్పని ఇంకో సర్జను అఫిడవిట్ రాసిస్తాడా? రేపు ఇద్దరూ ఒకే ఐఎంఏ మీటింగులో ఎదురుపడాలి. ఆయన స్థానంలో ఉంటే మేము కూడా వెనకాడతామేమో. అందుకని దూరపు ఊరి డాక్టరును వెతకాలి. దానికి దారి ఖర్చు, ఫీజు, అన్నిటికీ మించి ఇంగ్లీషులో ఉత్తరం రాసే మనిషి కావాలి.

ఇప్పుడు మన ఇంటి సంగతి. చనిపోయినవాళ్లను త్వరగా ఖననం చేయాలని మన ఆచారం. పోస్టుమార్టం అంటే తల్లిదండ్రులు తల్లడిల్లిపోతారు. అట్లా చేయించండి అని ఎవరినీ ఒత్తిడి చేసే ధైర్యం మాకు లేదు, చేయం కూడా. అయితే పోస్టుమార్టం లేని కేసులో చావుకు కారణం చెప్పేది ఆసుపత్రి కాగితాలు మాత్రమే. దాని అర్థం ఏమిటంటే, జనాజా లేచే రోజే ఇంట్లో ఎవరో ఒకరు, దుఃఖంలో లేని దూరపు బంధువైనా సరే, ఆసుపత్రికి పోయి కాగితం అడగాలి. ఇది కటువుగా వినిపిస్తుందని మాకు తెలుసు. అప్పు ఇచ్చి పుచ్చుకునేటప్పుడు రాసుకోండి, సాక్షులను పెట్టుకోండి అనే ఆయతే ఖురాన్ మొత్తంలో అన్నిటికంటే పొడవైనదని మన ఇమామ్ సాబ్‌లు ఎన్నోసార్లు చెప్పారు. పదివేల అప్పుకు చూపించే జాగ్రత్త ఆపరేషన్‌కు చూపించమంటే తప్పేముంది?

వేలిముద్ర గురించి కూడా. ఆపరేషన్‌కు ముందు ఇంగ్లీషు ఫారం మీద సంతకం పెట్టమంటారు. ఏ ఆపరేషన్, ఏ ప్రమాదం అని చదివి చెప్పేవాళ్లు ఉండరు. ఇదే సంగతి మీద మన హైదరాబాదు కేసు ఒకటుంది. 1990లో ఇరవై ఏళ్ల ఇంజనీరింగు విద్యార్థి ప్రశాంత్ ఛాతీలో గడ్డకు పరీక్ష కోసమని నిమ్స్‌లో చేరాడు. పరీక్షకు ముక్క తీయడానికి అనుమతి ఇస్తే, గడ్డ మొత్తం తీసేశారు. నడుము కింది భాగం చచ్చుబడిపోయింది. పరీక్షకు ఇచ్చిన అనుమతి ఆపరేషన్‌కు ఇచ్చిన అనుమతి కాదని సుప్రీంకోర్టు చెప్పి, 2009 మేలో కోటి రూపాయలు ఇమ్మంది. సుప్రీంకోర్టులో ఆయన చక్రాల కుర్చీలో ఉండి తన కేసు తానే వాదించుకున్నాడు. పందొమ్మిదేళ్లు పట్టింది. ఇంజనీరుకు పందొమ్మిదేళ్లయితే హమాలీకి ఎన్నేళ్లు అని మీరు అడగవచ్చు. మేమూ అదే అడుగుతున్నాం.

మన ప్రాంతానికి కొత్త చట్టం చేసిన మేలు ఒకటి ఉంది. మనవాళ్లు పెద్ద జబ్బుకు బళ్లారికో రాయచూరుకో హైదరాబాదుకో పోతారు. పాత చట్టంలో వైద్యం జరిగిన చోటో, ఆసుపత్రి ఉన్న చోటో కేసు వేయాలి. ఎమ్మిగనూరు నేతగాడు బళ్లారిలో వాయిదాలకు తిరగాలంటే మగ్గం ఆగిపోతుంది. ఇప్పుడు రోగి నివాసం ఉన్న జిల్లాలోనే, అంటే కర్నూలు కమిషన్‌లోనే వేయవచ్చు. ఆసుపత్రికి కట్టిన డబ్బు ఐదు లక్షల లోపు ఉంటే కోర్టు ఫీజు లేదు. వకీలు లేకుండా కూడా వేసుకోవచ్చు. ఆపరేషన్ చేసిన సర్జను వేరే ఊరి నుంచి వచ్చిపోయేవాడు, మత్తు డాక్టరు పేరే తెలియదు అని వెనక్కి తగ్గనక్కరలేదు. ఆసుపత్రి ఒక్కదాని మీద వేసినా చాలని 2004లో సవితా గార్గ్ కేసులో చెప్పారు. బిల్లు మాత్రం ఉండాలి. నగదు కట్టి బిల్లు అడగని అలవాటు మన దగ్గర ఎంత ఉందో మీకు తెలియనిది కాదు. పల్లెల్లో ఆర్ఎంపీ దగ్గర సూది వేయించుకుని చెడినవాళ్లకైతే ఒక్క చీటీ కూడా దొరకదు.

సర్కారు దవాఖానా సంగతి వేరు. అందరికీ పూర్తిగా ఉచితంగా చూసే ఆసుపత్రి మీద వినియోగదారుల కమిషన్‌కు పోలేమని శాంతా కేసులోనే ఉంది. కానీ ఇన్సూరెన్స్ కంపెనీ గానీ, ఉద్యోగం ఇచ్చిన సంస్థ గానీ డబ్బు కడితే అది ఉచితం కిందికి రాదని కూడా అందులోనే ఉంది. ఎవరి తరఫున ఎవరు డబ్బు కట్టారో కాగితంలో చూడకుండా ఆశ వదులుకోవద్దు. ఉచిత ఆసుపత్రి మీద సివిల్ దావా వేయవచ్చు. ఔరంగాబాదు సర్కారు ఆసుపత్రిలో 1963లో కడుపులో గుడ్డ మరిచిపోతే తల్లి చనిపోయిన కేసులో ప్రభుత్వమే బాధ్యత వహించాలని తీర్పు వచ్చింది. అది 1996లో.

కొందరు యువకులు, ఇన్నేళ్లు ఎవరు తిరుగుతారు, పోలీసు కేసు పెడదాం అంటారు. 2005లో జాకబ్ మాథ్యూ కేసు తర్వాత అది అంత సులువు కాదు. ఘోరమైన నిర్లక్ష్యం ఉండాలి. పోలీసులు ముందు వేరే డాక్టరు అభిప్రాయం, వీలైతే ప్రభుత్వ డాక్టరుది, తీసుకోవాలి. వెంటనే అరెస్టు చేయకూడదు. ఇది సబబే అని మా అభిప్రాయం. ప్రతి చావూ డాక్టరు తప్పు కాదు. ఇక అద్దాలు పగలగొట్టడం మాత్రం అస్సలు వద్దు. 2008 నుంచి మన రాష్ట్రంలో దానికి వేరే చట్టమే ఉంది. అద్దం పగిలిన రోజు నుంచి ముద్దాయి మనమే అవుతాం. మెడికల్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు, అది డాక్టరు పేరును రిజిస్టరు నుంచి తీసేయగలదు గానీ పైసా ఇప్పించలేదు.

ఈ సభలో డాక్టర్లు కూర్చున్నారు. మన క్యాంపులకు ఉచితంగా వచ్చినవాళ్లే. ఒక దాత మమ్మల్ని పక్కకు పిలిచి, ఇట్లాంటివి మొదలుపెడితే రేపు మనవాళ్లను ఏ ఆసుపత్రీ చేర్చుకోదు సార్ అన్నారు. ఆ భయం కొట్టిపారేసేది కాదు. అందుకే మేము కేసుల నిధి అడగడం లేదు. జకాత్ డబ్బు ముట్టుకోవడం లేదు. సదకా నుంచి చిన్న మొత్తం పక్కన పెట్టమంటున్నాం. అది రెండు పనులకు. సంఘం సహాయం తీసుకున్న ప్రతి రోగి కాగితాలూ నకలు తీయించి ఫైలు కట్టడానికి ఒకటి. అనుమానం ఉన్నచోట దూరపు నిపుణుడికి ఆ ఫైలు చూపించి, ఏమైందో రాతలో తెలుసుకోవడానికి ఇంకోటి. తప్పు లేదని ఆ నిపుణుడు చెబితే ఆ మాట ఇంటికి పోయి మేమే చెబుతాం. అది డాక్టరుకూ మేలే. తప్పుందంటే ఆదోని, ఎమ్మిగనూరు కోర్టుల్లోని మండల న్యాయ సేవా కమిటీకి తీసుకుపోతాం. ఆడవాళ్లకు, పిల్లలకు ఆదాయంతో పని లేకుండా అక్కడ ఉచితంగా వకీలును ఇస్తారు. 15100కు ఫోన్ చేసినా దారి చెబుతారు.

సహాయం దరఖాస్తులో ఈ ఏడు నుంచి ఒక గడి కలిపాం. 'కేస్ షీటు, బిల్లులు, రిపోర్టుల నకళ్లు అందాయా? తేదీ?' అని. డబ్బు ఆపడానికి కాదు ఆ గడి, డబ్బు ఎట్లాగూ ఇస్తాం. అందలేదంటే మాలో ఒకరు ఆ కుటుంబంతో కలిసి ఆసుపత్రికి పోయి రాతపూర్వకంగా అడుగుతారు. ఆదోనిలో అట్లా పోవడానికి ఇద్దరు రిటైర్డు ఉపాధ్యాయులు ఒప్పుకున్నారు. ఎమ్మిగనూరులో ఇంకా ఎవరూ లేరు. ఇంగ్లీషు చదవగలిగి, వారంలో ఒక పూట ఇవ్వగలిగినవాళ్లు భోజనాల దగ్గర మమ్మల్ని కలవండి.