తారు రోడ్డులో పాలకవరు

నాలుగు వానలు పడితే చాలు, తారు రోడ్డు గుంతలమయం. కారణం నీరు. తారుకీ కంకరకీ మధ్య దూరి పట్టు వదిలిస్తుంది.

ఆ నీటిని ప్లాస్టిక్ చెత్తతో ఆపవచ్చని మదురై త్యాగరాజర్ ఇంజనీరింగ్ కళాశాల ఆచార్యులు రాజగోపాలన్ వాసుదేవన్ చేసి చూపించారు. 2018లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

పద్ధతి ఇదీ. పాలకవర్లు, క్యారీబ్యాగులు శుభ్రం చేసి, ఆరబెట్టి, సన్నగా తరుగుతారు. కంకరను బాగా వేడిచేసి, ఆ ముక్కలు పైన చల్లుతారు. అవి ఇట్టే కరిగి, ప్రతి రాయికీ నూనె రాసినట్టు పల్చటి పొర పడుతుంది. అప్పుడు వేడి తారు కలుపుతారు. గుర్తుంచుకోండి, ముందు ప్లాస్టిక్, తర్వాత తారు. ఇక రాయిలోకి నీరు దిగదు. తారు గట్టిగా పట్టుకుంటుంది. కొంత తారు ఆదా కూడా.

అయితే కనబడ్డ ప్లాస్టిక్కల్లా వేసేయకూడదు. పీవీసీ పైపులు, ఫ్లెక్సీ బ్యానర్లు అసలే వద్దు. వేడికి విషవాయువులు వస్తాయి. ఇంకోమాట. పక్కన మురుగుకాలువ లేని రోడ్డును ఏ ప్లాస్టిక్కూ కాపాడలేదు.

మరి మన వంతు? పాలు పోసుకున్నాక కవరు కడిగి, ఆరబెట్టి, పొడిచెత్త బుట్టలోనే వేయండి. తడిచెత్తలో మాత్రం కలపకండి.