హస్తినలో వాననీటికి చోటు



ఢిల్లీకి బదిలీపై వచ్చిన మనవారు చేయు ఫిర్యాదులు రెండు: ఒకటి చలి, రెండవది నీరు. చలికి ఉన్నికోటు కలదు. నీటి విషయమున మాత్రము మనలో ఒక అపోహ పాతుకొనియున్నది. ఇది ఎడారి అంచున నున్న ఊరనియు, ఇచ్చట వానలు లేవనియు అనుకొందుము. లెక్క చూతము. అనంతపురము జిల్లాలో ఏటికి సగటున కురియునది సుమారు 550 మిల్లీమీటర్లు. ఢిల్లీలోని సఫ్దర్‌జంగ్‌లో కురియునది సుమారు 750. అనంతపురము రైతు ఇంతటి వానను కన్నులకద్దుకొనును. మనమో, దానిని మురుగుకాలువకు అప్పగించి, భాక్రానుండియు టెహ్రీనుండియు నీరు తెప్పించుకొని త్రాగుచున్నాము.

2024 జూన్ నెలను జ్ఞప్తికి తెచ్చుకొనుడు. నగరము నీటికై అల్లాడినది. బిందెలు పట్టుకొని జనులు ట్యాంకర్ల వెంట పరుగెత్తిరి. పొరుగు రాష్ట్రములతోడి నీటి తగవు సుప్రీంకోర్టు మెట్లెక్కినది. అదే నెల 28వ తేదీ ఉదయమునకు, ఇరువదినాలుగు గంటలలో, సఫ్దర్‌జంగ్‌లో 228.1 మిల్లీమీటర్ల వాన పడినది. 1936 తరువాత జూన్ నెలలో ఒక దినమున అంతటి వాన లేదు. ఎకరము నేలపై పడిన అట్టి వాన తొమ్మిది లక్షల లీటర్లకు పైమాటే. నీరు లేదని ఏడ్చిన ఊరు నీటిలో మునిగి ఏడ్చినది. దీనికి కారణమును మేఘములలో వెదుక నక్కఱలేదు. అది మన కట్టడములలోనే కలదు.

ఈ ఊరిని ఏలిన పాతవారు కొండనీటిని పోనిచ్చినవారు కారు. ఆరావళి కొసలోని రాతినేలపై జారు వాననీటిని పట్టుటకు ఇల్తుత్‌మిష్ 1230 ప్రాంతమున మెహ్రౌలీలో హౌజ్-ఎ-షంసీని త్రవ్వించెను. అలాఉద్దీన్ ఖిల్జీ త్రవ్వించిన తటాకమే నేటి హౌజ్ ఖాస్. ఫిరోజ్ షా తుగ్లక్ కాలమునకు ఈ రెండును చెడినవి. ఆయన స్వయముగా వ్రాసికొన్న మాటలు చదువదగినవి. షంసీ తటాకమునకు నీరు తెచ్చు కాలువలను దుర్మార్గులు కొందఱు పూడ్చివేసిరట. వారిని శిక్షించి కాలువలు తెఱపించెనట. అలాఉద్దీన్ తటాకము పూడిపోగా, జనులు దానిలో సేద్యము చేయుచు, బావులు త్రవ్వి ఆ నీటిని అమ్ముకొనుచుండిరట! చెఱువును పూడ్చుట, పిదప ఆ చోటనే నీరు అమ్ముట: ట్యాంకరు వ్యాపారము ఢిల్లీకి క్రొత్తది కాదు. నేడు హౌజ్ ఖాస్‌లో మనము షికారుకు పోయి చూచునది ముఖ్యముగా శుద్ధిచేసిన మురుగునీరు. తటాకము మిగిలినది, దానికి వాననీటిని తెచ్చిన దారులు మిగులలేదు.

మన కడపసీమలోని పోరుమామిళ్ల చెఱువు శాసనము కూడ ఇచ్చట స్మరింపదగినది. విజయనగర రాజకుమారుడు భాస్కర భవదూరుడు 1369లో వేయించిన ఆ శాసనమున మంచి చెఱువుకు కావలసిన పండ్రెండు అంగములును, ఆఱు దోషములును చెప్పబడినవి. వచ్చు నీరు ఎక్కువై చోటు చాలకుండుట ఒక దోషము. ఇంకొకటి మఱింత రుచికరము: చెఱువు రెండు రాజ్యముల పొలిమేరలో నుండుట. నజఫ్‌గఢ్ జలాశయము హర్యానా, ఢిల్లీ సరిహద్దున నున్నదని ఆ శాసనకర్తకు తెలియదు. ఒకే వీథిలో కప్పు ఒక శాఖది, రోడ్డు ఇంకొక శాఖది, కాలువ వేఱొక శాఖది అని తెలిసియుండినచో ఏడవ దోషము చేర్చియుండును.

ఇక మన కాలనీలకు వత్తము. 2016లో కేంద్ర మంత్రివర్గము సరోజినీ నగర్, నేతాజీ నగర్, నౌరోజీ నగర్ మున్నగు ఏడు ఉద్యోగుల కాలనీలను తిరిగి కట్టుటకు ఆమోదించినది. సుమారు 13 వేల ఇండ్ల స్థానమున 25 వేలకు మించిన ఇండ్లు. పాత క్వార్టర్ల గోడలు పెచ్చులూడుట నిజమే. కాని వాని ముందు పచ్చికయు, వెనుక పెరడును, వేప నేరేడు చెట్లును ఉండెను. వానకు ఇంకుటకు చోటుండెను. ఎత్తైన క్రొత్త కట్టడములలో తఱచుగా కార్లు నిలుపు అంతస్తు నేలక్రింద నుండును. పైన తోటవలె కనబడునది కప్పుపై పరచిన మన్ను. ఆ పచ్చిక ఎంత సొగసుగా నున్నను, దాని క్రింద భూమి లేదు.

క్రొత్త భవనములకు వాననీటి గుంటలు ఉండవలెనని ఢిల్లీలో 2001 నుండియే నియమము కలదు. పెక్కు చోట్ల గుంట త్రవ్వబడినది, ప్లానుపై సంతకము పడినది, ఒండ్రు తీయువాడు మాత్రము రాలేదు. కావున నేను గుంటలకన్న పచ్చికను ఎక్కువగా నమ్ముదును. నేడు మన పచ్చికలు రోడ్డుకన్న జానెడు ఎత్తున నుండి, చుట్టును గట్టురాళ్లు కలిగియున్నవి. వాన పడిన మన్ను రోడ్డుపైకి, రోడ్డునీరు కాలువలోనికి పోవును. దీనిని తలక్రిందులు చేయవలెను. పచ్చిక జానెడు పల్లమున నుండవలెను; రోడ్డు దానివైపు వాలవలెను; గట్టురాళ్ల నడుమ పది పదునైదు అడుగులకొక సందు విడువవలెను. నీరు ప్రవేశించుచోట గులకరాళ్లు పరచినచో చెత్త అచటనే ఆగును. వాన మితిమీరిననాడు మిగులు నీరు పోవుటకు కొంత ఎత్తున ఒక తూము పెట్టవలెను. చెఱువునకు అలుగు ఎట్టిదో దీనికి తూము అట్టిది. చెట్ల మొదళ్ల చుట్టును సిమెంటు తీసివేయుడని జాతీయ హరిత న్యాయస్థానము 2013లోనే ఆదేశించినది. అది మన వాకిట అమలైనదో లేదో మనము చూచుకొనవచ్చును.

దోమలు చేరునని అమ్మలు శంకింతురు. ఆ శంక న్యాయమైనదే. గ్రుడ్డునుండి దోమ రెక్కలు తొడుగుటకు సుమారు వారము పట్టును. పల్లములోని నీరు ఒకటి రెండు దినములలో ఇంకునట్లు నేలలో ఇసుక కలిపినచో భయము లేదు. మఱియొక జాగ్రత్త: రోడ్డునీటిలో నూనెయు మసియు ఉండును. దానిని మన్ను ద్వారా వడియనీయవలెనే కాని, లోతైన గొట్టపు బావిలోనికి సూటిగా దింపరాదు. అచటికి పంపదగినది శుభ్రమైన కప్పునీరు మాత్రమే.

వచ్చు శ్రావణమున పెద్దవాన కురిసిననాడు గొడుగు పట్టుకొని మీ బ్లాకు చుట్టును ఒకమారు తిరుగుడు. నీరు ఎచ్చట చేరి ఎటు పోవుచున్నదో పిల్లలచేత కాగితముపై గీయింపుడు. ఆ కాగితములను మన సంఘమునకు తెండు. ప్రజాపనుల శాఖలోని మన ఇంజనీరు సోదరులు వానిని చూచి, ముందుగా ఏ గట్టురాయి తీయింపవలెనో చెప్పుదురు.