సమాఖ్య పికప్ బండి: మన చేతి పని, మెకానిక్ పని
(వార్షిక సర్వసభ్య సమావేశంలో బండి ఉపసంఘం సభ్యురాలి ప్రసంగం)



నాకు మైకు పట్టుకుని మాట్లాడే అలవాటు లేదు. గ్రీజు గన్ను ఇస్తే పట్టుకుంటాను. బండి ఉపసంఘం తరపున ఈ ఏడాది ఏం చేశామో చెప్పమన్నారు. లెక్కలు కోశాధికారి అక్క ఇప్పుడే చదివింది, నివేదికలో వేరే పేజీలో ఉన్నాయి. నేను బండి సంగతి చెప్తాను. మంచీ చెప్తాను, మనం చేసిన తప్పూ చెప్తాను. ఆ తప్పులో పెద్ద పాలు నాదే.

మన బండి కొత్తది కాదని మీకందరికీ తెలుసు. వేరేవాళ్ల దగ్గర పదేళ్లు తిరిగిన డీజిల్ పికప్పు. కొత్తది కొనే శక్తి మనకు లేదు, టమోటా సీజన్‌లో బాడుగ బండ్లకు ఇచ్చుకోలేకపోయాం, అందుకే దీన్ని కొన్నాం. కొన్న కొత్తలో దానికి ఏం రోగం వచ్చినా మెకానిక్ షెడ్డుకే తోలేవాళ్లం. అతను ఎంతంటే అంత ఇచ్చేవాళ్లం. ఏం చేశాడో అడిగేవాళ్లం కాదు. పది రూపాయల తేడా వస్తే పొదుపు పుస్తకం తిరగేసే మనం, బండి బిల్లు మాత్రం చూడకుండా సంతకం పెట్టేవాళ్లం.

ఒక తెల్లవారుజామున మదనపల్లె మార్కెట్టుకు పోతుంటే దారిలో బండి నిలిచిపోయింది. సెల్ఫు తిరుగుతుంది, ఇంజను అందుకోదు. ఆరోజు లోడుతో నేనే ఉన్నాను. వేలంపాట మొదలయ్యేలోపు చేరాలి. మెకానిక్ అన్న వచ్చేసరికి ఎండెక్కింది. వచ్చి బానెట్ ఎత్తి, డీజిల్ ఫిల్టర్ అడుగున ఉన్న చిన్న మర వదులు చేశాడు. గ్లాసెడు నీళ్లు కారినాయి. మర బిగించి, పైనున్న చేతి పంపు పదిసార్లు నొక్కాడు. స్టార్టయింది. పట్టుమని పది నిమిషాలు పట్టలేదు. మేము మార్కెట్టు చేరేసరికి మంచి ధర పోయింది, మెత్తబడిన కాయ పక్కకు తీసేశారు.

ఆరోజు ఆయన్నే అడిగాను. "అన్నా, ఈ మర తిప్పేది నాకు నేర్పిస్తావా?" ఆయన నవ్వి, "నేర్చుకో చెల్లెమ్మా, అయితే ముందు ఏది ముట్టకూడదో నేర్చుకో" అన్నాడు. మొదటి మాట నాకు బాగా ఎక్కింది. రెండో మాట ఎక్కలేదు. ఆ సంగతి తర్వాత చెప్తాను.

ముందు మనం ఏమేం నేర్చుకున్నామో చెప్తాను. ఉపసంఘంలో నలుగురం ఉన్నాం. ప్రతి ఆదివారం పొద్దున బండి కడిగి చూస్తాం.

డీజిల్ ఫిల్టర్లో నీళ్లు. డీజిల్ కంటే నీళ్లు బరువు, అందుకే అడుగున చేరతాయి. పులుసు మీద నూనె తేలుతుంది కదా, అదే సంగతి. వారానికొకసారి అడుగు మర వదులు చేసి డబ్బాలో పట్టి చూస్తాం. నీళ్లు పోయి డీజిల్ వచ్చేదాకా వదిలి బిగిస్తాం. ఆనాటి నుంచి ఈ కారణానికి బండి దారిలో ఆగలేదు.

ఇంజను ఆయిలు. బండి చదునైన చోట నిలబెట్టి, ఇంజను ఆపి, ఆయిలు కిందికి దిగేదాకా కాసేపు ఆగి చూడాలి. పుల్ల తీసి గుడ్డతో తుడిచి, మళ్లీ పెట్టి తీయాలి. రెండు గీతల మధ్య ఉంటే సరి. తీసిన పాత ఆయిలు కాలువలో, చెట్టు మొదట్లో పోయొద్దు. డబ్బాలో పట్టి, పాత ఆయిలు కొనేవాళ్లకు ఇస్తున్నాం.

రేడియేటరు. మన బోరు నీళ్లు కాగితే గిన్నెకు తెల్లగా పొరలు కడతాయి. అవే నీళ్లు రేడియేటర్లో పోస్తే సన్న గొట్టాల్లో అదే పొర కట్టి పూడిపోతాయి, ఇంజను వేడెక్కుతుంది. ఇప్పుడు కూలెంటు, డిస్టిల్డ్ వాటరు కలిపి పోస్తున్నాం. ఇంజను వేడి మీద ఉన్నప్పుడు మూత తిప్పొద్దు. విజిల్ మీదున్న కుక్కరు మూత ఎవరైనా తీస్తారా?

గాలి ఫిల్టరు. మన దారులన్నీ దుమ్మే. కాగితం ఫిల్టరును నీళ్లతో కడగకూడదు. మెల్లగా తట్టి, లోపలి నుంచి బయటికి గాలి కొట్టాలి. బయటి నుంచి లోపలికి కొడితే దుమ్ము కాగితంలోకి ఇంకా దిగుతుంది. మరీ నల్లబడితే మార్చడమే.

బ్యాటరీ. కొనల మీద తెల్లగా, పచ్చగా పొడి పట్టి ఉంటే కరెంటు సరిగా పోదు. వేడి నీళ్లలో వంటసోడా కలిపి పాత బ్రష్షుతో రుద్దితే పోతుంది. ఆ నీళ్లు బ్యాటరీ లోపలికి పోకూడదు. వైరు విప్పేటప్పుడు మైనస్ ముందు, తగిలించేటప్పుడు మైనస్ చివర. అటు ఇటు అయితే పానా బాడీకి తగిలి నిప్పులు లేస్తాయి. బండి మీద వెల్డింగ్ చేయించే రోజు కూడా మైనస్ వైరు విప్పి ఉంచాలి.

గ్రీజు. కమాను కట్టల చివర, జాయింటు షాఫ్టు దగ్గర చిన్న నిప్పిళ్లు ఉంటాయి. వాటిని తుడిచి గన్ను పెట్టి కొట్టాలి. లోపలి పాత నల్ల గ్రీజు బయటికి వస్తే చాలు. "బండి కిర్రుమంటుంది" అని డ్రైవరు తమ్ముడు రోజూ అనేవాడు, ఇప్పుడు అనడంలేదు.

టైరు మార్చడం. రాళ్లు అడ్డం పెట్టి, హ్యాండ్ బ్రేకు లాగి, జాకీ ఎత్తకముందే నట్లు కొంచెం వదులు చేయాలి. బిగించేటప్పుడు వరసగా కాకుండా ఎదురెదురుగా బిగించాలి. జాకీ ఒక్కదాన్ని నమ్మి ఎవరూ బండి కిందికి దూరొద్దు. గాడి లోతు 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గితే ఆ టైరు రోడ్డుకు పనికిరాదు. గాడి అడుగున చిన్న మిట్టలుంటాయి. టైరు అరిగి అవి పైకి తేలితే మార్చే కాలం వచ్చిందని అర్థం.

తొట్టి అడుగు. టమోటా రసం కారి కారి రేకు తుప్పు పట్టింది. పులుసును ఇనప మూకుట్లో రాత్రంతా ఉంచుతామా? తొట్టిలో మాత్రం ఏళ్ల తరబడి ఉంచాం. చిల్లులు పడినచోట కొత్త రేకు వెల్డింగ్ చేయించాం. మిగతాది నలుగురం వైరు బ్రష్షుతో గీకి, రెడ్ ఆక్సైడ్ కొట్టి, ఆరినాక రంగు వేశాం. నీళ్లు నిలవకుండా మూలల్లో రంధ్రాలు పెట్టించాం. పట్టా కట్టడానికి కొక్కేలు వేయించాం. రాత్రి కనబడేట్టు మెరిసే టేపు అంటించాం. ముందు తెల్లది, పక్కల పసుపు, వెనక ఎరుపు. నిబంధన అదే.

ఇవన్నీ చేసేసరికి మాకు ధైర్యం వచ్చింది. ఆ ధైర్యంలోనే తప్పు చేశాం.

కాపు బాగా వచ్చిన నెలలో ఒక్క ట్రిప్పుకు ఎక్కువ బాక్సులు పోతే డీజిల్ మిగులుతుంది కదా అనుకున్నాం. వెనక కమాను కట్టలకు రెండు పక్కలా ఒక్కో పట్టీ అదనంగా వేయిస్తే బండి కుంగదు అని ఎవరో చెప్పారు. ఆ ప్రతిపాదన పెట్టింది నేనే. కోశాధికారి అక్క వద్దంది. "ముందు మన మెకానిక్‌ను అడుగుదాం" అంది. "ఇంతకాలం ఆయన్ని అడిగే కదా డబ్బులు పోగొట్టుకున్నాం" అన్నాను. నలుగురూ చప్పట్లు కొట్టారు. తీర్మానం రాసింది కూడా నేనే. మినిట్స్ పుస్తకంలో ఆ పేజీ నా చేతిరాతతోనే ఉంది.

పట్టీ వేయించాం. 50 బాక్సులు ఎక్కే బండికి 75 ఎక్కించాం. బండి కుంగలేదు. చూడడానికి ఎంతో బాగుంది. నాలుగు ట్రిప్పులు బాగానే పోయినాయి. ఐదో ట్రిప్పులో మార్కెట్టు చూడాలని ఇద్దరు సభ్యులు లోడు మీద కూర్చున్నారు. కూర్చోమన్నదీ నేనే. వంక దగ్గర పొడుగు దిగుడులో డ్రైవరు తమ్ముడు బ్రేకు మీదే కాలు పెట్టి దిగాడు. కాలిన వాసన వచ్చింది. తర్వాత పెడలు మెత్తగా కిందికి పోయింది. అతను గేరు తగ్గించి, రోడ్డు పక్క ఇసుక కుప్పలోకి తిప్పాడు. ఆ కుప్ప లేకుంటే ఎదురుగా ఉన్నది వంతెన గోడ.

లోడు మీద కూర్చున్న చెల్లెలికి చెయ్యి విరిగింది. ఆమె ఈరోజు ఈ సభలోనే ఉంది. పేరు చెప్పొద్దు అంది, చెప్పను.

మెకానిక్ అన్న వచ్చి చూసి తిట్టలేదు. ఒక్క మాట చెప్పాడు. "కమాను బరువు మోస్తుంది చెల్లెమ్మా, బండిని ఆపదు." పట్టీ వేసినంత మాత్రాన బ్రేకు పెద్దది కాదు, ఇరుసు లావు కాదు, టైరు గట్టిపడదు. బ్రేకు చేసే పని బండి వేగాన్ని వేడిగా మార్చడం. బరువు పెరిగితే వేడి పెరుగుతుంది. ఒక హద్దు దాటితే లైనింగు పట్టు వదిలేస్తుంది. బ్రేకు ఆయిలు గాలిలోని తేమ పీల్చుకుంటుంది. పాతబడిన ఆయిలు ఆ వేడికి మరిగి బుడగలు కడుతుంది, అందుకే పెడలు మెత్తబడుతుంది. మన బండిలో ఆ ఆయిలు ఎప్పుడు మార్చారో ఎవరికీ తెలీదు. బండి కుంగడమే మనకు హెచ్చరిక. పట్టీ వేసి ఆ హెచ్చరిక నోరు నొక్కాం.

చట్టం సంగతి కూడా అప్పుడే తెలుసుకున్నాం. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్‌లో అధిక లోడుకు 20,000 రూపాయలు, ఆపైన ప్రతి అదనపు టన్నుకు 2,000 రూపాయల జరిమానా ఉంది. కంపెనీ తయారుచేసిన తీరును మనిష్టం వచ్చినట్టు మార్చడాన్ని 52వ సెక్షన్ ఒప్పుకోదు. ఎనిమిదేళ్లు దాటిన రవాణా బండికి ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. మన బండి అలాంటిదే.

ఆ వారమే అదనపు పట్టీలు తీయించాం. ఇప్పుడు బండికి ఒక పుస్తకం పెట్టాం. అందులో మూడు భాగాలు. మొదటిది, మనం చేసుకునేవి: ఇందాక చెప్పిన నీళ్లు, ఆయిలు, గాలి, గ్రీజు, బ్యాటరీ, టైరు, తుప్పు. వెల్డింగ్ మాత్రం వెల్డింగ్ షాపు పనే. రెండోది, మెకానిక్ చేస్తుంటే మనం పక్కన నిలబడి చూసేవి: బ్రేకు లైనింగు, క్లచ్చి, బేరింగులు. మార్చిన పాత సామాను మనకు చూపించాలి, బిల్లులో రాయాలి. మూడోది, ఎవరు చెప్పినా మనం చేయనివి: బ్రేకు, స్టీరింగు విప్పడం, కమాను మార్చడం, బరువు పెంచడం. బ్రేకు ఆయిలు మట్టం మాత్రం ప్రతివారం చూస్తాం. తగ్గితే పోసేసి ఊరుకోం. లైనింగు అరిగిందో, ఎక్కడన్నా కారుతుందో మెకానిక్‌తో చూపిస్తాం. రెండేళ్లకొకసారి ఆ ఆయిలు మార్పిస్తాం. ఎక్కడానికి ఏ గేరు వాడతామో దిగడానికీ అదే గేరు. తొట్టిలో మనిషి ఎక్కకూడదు, అధ్యక్షురాలైనా సరే.

ఇంకో మాట. కారు లైసెన్సు, అంటే ఎల్ఎంవీ లైసెన్సు ఉన్నవాళ్లు 7,500 కిలోల లోపు రవాణా బండిని వేరే అనుమతి లేకుండా నడపొచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. మన పికప్పు ఆ బరువు కంటే చాలా తక్కువ. సంఘాల్లో లైసెన్సు ఉన్న చెల్లెళ్లు ముందుకు రండి. డ్రైవరు తమ్ముడు సెలవు పెట్టిన రోజు బండి ఆగిపోకూడదు.

చివరగా ఈ సభ ముందు రెండు కోరికలు పెడుతున్నాను. ఒకటి, అప్పుల పుస్తకం చదివినట్టే బండి పుస్తకాన్ని కూడా ప్రతినెలా సమావేశంలో చదవాలి. రెండు, చెయ్యి విరిగిన చెల్లెలికి ఆసుపత్రి ఖర్చు సమాఖ్య పెట్టింది గానీ, నెలన్నర ఆమె కూలికి పోలేదు. ఆ కూలి మనం ఇంకా ఇవ్వలేదు. ఆమె అడగలేదు. అడగలేదని మనం ఊరుకోవడం న్యాయం కాదు. తప్పుడు తీర్మానం నా చేత్తో రాశాను. ఈ తీర్మానం కూడా నన్నే రాయనివ్వండి. ఒప్పుకుంటే చేతులెత్తండి.

వచ్చే ఆదివారం పొద్దున ఆరు గంటలకు బండి సమాఖ్య ఆఫీసు ముందు ఉంటుంది. నేర్చుకోవాలన్నవాళ్లు పాత చీర కట్టుకుని రండి, గాజులు తీసి రండి. గ్రీజు సబ్బుకు పోదు, కిరసనాయిలు గుడ్డ నేను తెస్తాను.