తెప్పను లాగు త్రాడు

శతవార్షికోత్సవ కూడికలో చేసిన ప్రసంగ పాఠము



వేదాంత కళాశాలలో చదువుచున్న దినములలో మేము ఒక పుస్తకమున ఒక చిత్రపటము చూచితిమి. నడిసముద్రములో ఒక తెప్ప. దానిమీద శవములు, శవములవంటి మనుష్యులు. ఒకడు పీపామీది కెక్కి గుడ్డ ఊపుచున్నాడు. ఫ్రెంచి చిత్రకారుడు జెరికో 1819లో ప్రదర్శించిన ఆ పటము నేడు పారిస్ నగరములోని లూవ్ర్ మ్యూజియములో నున్నది. అది కల్పన కాదు, జరిగిన సంగతియే.

1816 జూన్ నెలలో 'మెడూసా' అను ఫ్రెంచి ఓడ సుమారు 400 మందితో ఆఫ్రికాలోని సెనెగల్ దేశమునకు బయలుదేరెను. ఇరువది ఏండ్లకు పైగా ఓడ నడుపని వానికి, రాజపక్షమువాడను కారణముచేత, దాని నాయకత్వము దొరికెను. జూలై 2వ తేదీన నేటి మారిటానియా తీరమునకు ఎదురుగా నున్న ఆర్గ్విన్ ఇసుకమేటలో ఓడ చిక్కుకొనెను. పడవలు అందరికి చాలలేదు. కొయ్యలు, పలకలు కట్టి పెద్ద తెప్ప చేసి 147 మందిని దానిమీదికి దింపిరి. పడవలు దానిని త్రాళ్లతో ఒడ్డునకు లాగవలెనని ఏర్పాటు. తెప్పమీదివారు నడుములోతు నీటిలో నిలిచి ఆ త్రాళ్లనే చూచుచుండిరి. కొంతదూరము పోగానే పడవలవారు త్రాళ్లు విడిచివేసిరి. ఓడ నాయకుడును, గవర్నరును క్షేమముగా సెనెగల్ చేరిరి.

తెప్పమీద నున్న బిస్కట్లు మొదటి దినముననే అయిపోయెను. త్రాగి మతిచెడిన కొందరు తెప్ప కట్లనే కోయబోగా, రెండవ రాత్రి కత్తులతో పోరాడుకొనిరి. తెప్పమీద ఒకే ఒక స్త్రీ యుండెను. ఆమెను నీటిలోనికి త్రోసివేయగా, కొరెయార్ అను ఇంజనీరు తన నడుమునకు త్రాడు కట్టుకొని సముద్రములో దుమికి ఆమెను బయటికి తెచ్చెను. తరువాత ఆకలికి తాళలేక చనిపోయినవారి మాంసము తినిరి. వారము గడచునప్పటికి మిగిలినవారు 27 మంది. ద్రాక్షారసము అందరికి చాలదని, బ్రదుకుదురను ఆశ లేని 12 మందిని సముద్రములో పడవేయ నిశ్చయించి అట్లే చేసిరి. వారిలో ఆ స్త్రీయు, ఆమె భర్తయు నుండిరి. జూలై 17న 'ఆర్గస్' అను ఓడ వచ్చునాటికి ప్రాణములతో నున్నవారు 15 మందియే. ఓడ నాయకునికి 1817లో మూడేండ్ల చెర విధించిరి.

అపొస్తలుల కార్యముల 27వ అధ్యాయములో మరియొక ఓడ కలదు. అందులో 276 మంది. పదునాలుగు దినములు తుపాను. అక్కడను త్రాళ్లు కోసిరి. కాని ఏ త్రాళ్లు? నావికులు తాము మాత్రమే తప్పించుకొనుటకు దింపిన పడవ త్రాళ్లు! పౌలు హెచ్చరిక విని సైనికులే వాటిని కోసిరి. తుదకు ఖైదీలను చంపవలెనను ఆలోచన పుట్టగా శతాధిపతి అడ్డుపడెను. ఈత వచ్చినవారు ఈదిరి, రానివారు పలకలు పట్టుకొని మెలితే తీరము చేరిరి. ఓడ పగిలిపోయెను గాని ఒక్క ప్రాణమును పోలేదు.

మెడూసా పడవలవారు క్రూరులని చెప్పి మనము తప్పించుకొనలేము. ఆ బరువుతో తామును మునుగుదుమని వారు భయపడిరి. ఆ భయము అబద్ధము కాదు. అందువలననే ఈ కథ మనది.

చదువును, ఉద్యోగమును మనలో కొందరిని పడవ ఎక్కించినవి. వెనుక పల్లెలో నడుములోతు నీటిలో నిలిచి మన చేతివైపు చూచువారు నేటికిని ఉన్నారు. ఒక పల్లె సంఘపెద్ద తన మనుమని పరీక్ష ఫీజు కొరకు వ్రాసిన ఉత్తరమును మేము నెల దినములు బల్లసొరుగులో నుంచితిమి. ఇట్టి ఉత్తరములు అనేకమని మాకు మేమే చెప్పుకొంటిమి. త్రాడు కోయుటకు ఎల్లప్పుడు కత్తి అక్కరలేదు. చేయి సడలించిన చాలును.

ఆ ఉత్తరమునకు జవాబు వ్రాసి ఈ ఉత్సవమునకు వచ్చితిమి. మీ సొరుగులోను ఒక ఉత్తరము ఉన్నదేమో, ఇంటికి పోయి చూడుడి.