ఇంటి గదిలో పుట్టిన పాట

పాట పదిమంది చెవిని పడవలెనంటే ఒకప్పుడు గాయకుడు పట్టణానికి ప్రయాణం కట్టవలసి వచ్చేది. నిజాం కాలంలో హైదరాబాదులో నడిచిన రేడియో కేంద్రం 1950 ఏప్రిల్ 1న ఆకాశవాణిలో చేరినది. ఆదిలాబాదు కేంద్రం 1986లో, వరంగల్లు కేంద్రం 1990లో వెలసినవి. అంతవరకు ఉత్తర తెలంగాణ పల్లెగాయకునికి స్టూడియో అన్నది చాలావరకు దూరపు మాటే. నేడు హుజూరాబాదు వంటి ఊరిలో ఒక చిన్న గది, ఒక మైకు, ఒక కంప్యూటరు ఉంటే చాలును. రాత్రి పాడిన పాట తెల్లవారేసరికి దుబాయిలోని మన కూలీ సోదరుని ఫోనులో పలుకుతున్నది. జగిత్యాల జిల్లా లంబాడిపల్లెలో 2012లో మొదలైన ‘మై విలేజ్ షో’ పల్లెలో కూర్చుండియే లోకాన్ని పలకరించవచ్చునని నిరూపించినది. మరి, ఎవరి ప్రాపకమూ లేకుండా పాడుకొనే స్వతంత్ర గాయకునికి ఇంకా రేడియోతో పని ఏమి? ఈ ప్రశ్నకు సమాధానం పాటను కూర్చే తీరులోనే కొంత దొరుకుతున్నది. కనుక ముందుగా ఆ కూర్పును, అనగా నేడు మిక్సింగ్ అని వ్యవహరిస్తున్న పనిని, పరిశీలింతము.

మన ఒగ్గుకథను చూడండి. డోలు, తాళాలు, నపీర ఒక్కుమ్మడిగా మ్రోగుతాయి. అయినా కథ చెప్పేవాని మాట ఒక్కటీ జారిపోదు. అతడు నోరు విప్పగానే డోలు తగ్గుతుంది. అతడు ఊపిరి తీసుకొనేచోట అందుకుంటుంది. ఒకరి కొరకు ఒకరు తగ్గడమనే మర్యాద ఆ కళలోనే ఉన్నది. ఇంటి రికార్డులో గాయకుడొకనాడు, డప్పు మరొకనాడు, కీబోర్డు ఇంకొకనాడు విడివిడిగా ఎక్కుతాయి. ఒకరినొకరు వినలేదు గనుక ఎవరూ తగ్గరు. వారందరి పక్షాన తగ్గవలసిన భారం మిక్సింగ్ చేసేవానిపై పడుతున్నది.

మాటను మాటగా పోల్చుకోవడానికి చెవి ముఖ్యంగా ఆధారపడేది సెకనుకు సుమారు 1,000 నుండి 4,000 కంపనాల మేర. డప్పుపై సిర్ర, సిటికెన పుల్ల చేసే చురుకైన చప్పుడు కూడా ఆ మేరలోనే గట్టిగా తగులుతుంది. రెండూ ఒకేచోట పెనుగులాడితే ఓడేది మాట. అప్పుడు గొంతును పెంచడంకంటె, ఆ మేరలో డప్పును ఇంచుక తగ్గించడం మేలు. ఇక బోడి గోడల సిమెంటు గదిలో పాడితే ఆ ప్రతిధ్వని గొంతుతోపాటే రికార్డవుతుంది. తరువాత దానిని పూర్తిగా కడిగివేయడం కష్టం. గోడలకు నాలుగు బొంతలు వ్రేలాడగట్టి, ఫ్యాను ఆపి, మైకుకు జానెడు దూరంలో నిలిచి పాడితే సగం పని అక్కడనే ముగుస్తుంది.

మరొక పొరపాటు కూడ తరచు జరుగుతున్నది. పాట గంభీరంగా ఉండవలెనని ధ్వనినంతటినీ చివరి గీత దాక పెంచివేస్తారు. యూట్యూబు అటువంటి పాటను తానే తగ్గించి వినిపిస్తుంది. రేడియో కేంద్రంలో సైతం శబ్దం హద్దు దాటకుండా అదిమే సాధనం ఉంటుంది. పెంచినవాని శ్రమ వృథా అవుతుంది. హెచ్చుతగ్గులు నశించిన పాట మాత్రం చెవికి అలసట తెస్తుంది. ఇయర్‌ఫోనులో కుడిఎడమలుగా విశాలంగా తోచే కొన్ని కూర్పులలో ఒక వైపు ధ్వని రెండవ వైపు ధ్వనికి ఎదురై ఉంటుంది. ఒక్క స్పీకరు గల పెట్టెలో అవి కలిసినప్పుడు ఒకదానినొకటి హరించుకొని గొంతే పలచబడుతుంది. ఈ లోపాన్ని చిన్న రేడియో వెంటనే బయటపెడుతుంది. వంటింటి అలమారలో, పొయ్యి చప్పుడు మధ్య మాట అర్థమైన పాట ఎక్కడనైనా అర్థమవుతుంది.

రేడియో చేసే మేలు అంతటితో ఆగదు. ఫోను మనము కోరినదానిని, కోరినదాని వంటి మరొకదానిని తెచ్చి ఇస్తుంది. రేడియో మనము అడగని పాటను కూడ ఇంటికి తెస్తుంది. సినిమా పాట కొరకు మీట త్రిప్పినవారు ఆ పక్కనే ఒక బతుకమ్మ పాటకు ఆగిపోవచ్చును.

పేరు సంగతి కూడ ఉన్నది. 2021లో ‘లవ్ స్టోరీ’ చిత్రంలోని ‘సారంగ దరియా’ పాట వెలువడినప్పుడు, ఆ జానపదాన్ని సేకరించినవారి పేరు, హక్కు విషయమై పెద్ద చర్చ చెలరేగినది. జానపదమని ఒక్క మాట వ్రాసి ఊరుకుంటే, పాటను కాపాడిన అవ్వ పేరు మరుగున పడుతుంది. రేడియోలో పాటకు ముందు రచయిత పేరు, గాయకుని పేరు చెప్పే ఆచారం చిన్నదిగా తోచినా విలువైనది. 2012లో సవరించిన కాపీరైటు చట్టం రచయితకు, స్వరకర్తకు ప్రతిఫలంలో వాటాను గట్టిపరచినది. ఆ హక్కు నిలువవలెనంటే పాట ఎవరు చెప్పినది, ఏ ఊరిది, ఏనాడు రికార్డయినది అన్న వివరం రికార్డుతోపాటే భద్రపరచుకోవలెను.

రేడియో ఒక్కటే గాయకుని పోషిస్తుందని గాని, యువకులందరూ దానినే వింటున్నారని గాని నేననను. రేడియో సైతం తన తలుపు మరికొంత తెరవవలసి ఉన్నది. ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. 2008 అక్టోబరు 15న ఉమ్మడి మెదకు జిల్లా మాచునూరులో మొదలైన సంఘం రేడియోలో పల్లె స్త్రీలే రికార్డు చేసి, కత్తిరించి, కూర్చి ప్రసారం చేసి చూపించినారు. మానేరు ఒడ్డు పల్లెలు ఆ పని చేయలేనివి కావు.

కనుక ఇంటిలో పాట కూర్చుకొనే యువకులకు నా సలహా ఇది. పాటను లోకానికి పంపకముందు ఒక్క స్పీకరు గల చిన్న పెట్టెలో, ఆ పాట ఎన్నడూ వినని ఒక పెద్దమ్మకు వినిపించండి. రెండవ చరణంలో ఏమున్నదని అడగండి. ఆమె చెప్పగలిగితే మీ పాట ప్రసారానికి సిద్ధమైనట్లే.